బతికున్నవాడి బట్ట

పొద్దున్నే ఇల్లు ఊడ్చుకుని, మొగుణ్ణి కుట్టుమిషను దగ్గరికి తరిమి, వీధివైపు గదిలో చాప పరుచుకుని కూర్చుందంటే బొంతలక్కని మళ్లీ లేపడం ఎవరి తరమూ కాదు. ఒళ్లో బొంత. ఎడమపక్క పాతబట్టల మూట. కుడిపక్క మైనం పూసిన దారం ఉండ. వేలికి సూది గుచ్చుకోకుండా ఇత్తడి అంగుస్తానా. పలకరిస్తే పలుకుతుంది గానీ తలెత్తదు. వచ్చింది ఎవరో చెప్పుల చప్పుడుని బట్టి పోల్చుకుంటుంది, ఏ పని మీద వచ్చారో వాళ్లు తెచ్చిన మూట వాసనని బట్టి.

ఈ విద్య ఆవిడకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్లైన కొత్తలో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ముసలమ్మల మంచాల మీదున్న బొంతలు అడిగి తిరగేసి చూసేది. బొంతని పైనుంచి చూసేవాడికి సగమే తెలుస్తుందనీ, అసలు సంగతంతా అడుగుపక్కన ఉంటుందనీ ఆవిడ సిద్ధాంతం. చీమలబారు, చేపముల్లు, కోడికాలు, వానజల్లు అని ముసలమ్మలు పిలిచే కుట్లన్నిటికీ ఒక నోటుపుస్తకంలో బొమ్మలేసుకుంది. ఆ బొమ్మల్లో కోడికాలేదో చేపముల్లేదో ఆవిడొక్కతే చెప్పగలదు. ఇప్పుడు పెద్ద ఊళ్లవాళ్లు వచ్చి ఆవిడ బొంతల్ని పట్టుకెళ్లి గోడలకి వేలాడదీస్తున్నారు. కళాకారిణి అంటున్నారు.

"గోడకి చలేస్తోందేమో పాపం" అంటాడు మొగుడు. ఆయన దర్జీ.

"మీరు కుట్టిన లాగులు ఇంతవరకూ ఎవరైనా గోడకి తగిలించుకున్నారా?" అంటుందావిడ.

అంతటితో దర్జీ మిషను తొక్కడం మొదలుపెడతాడు.

ఈ కథ చెబుతున్నవాడు ఒకసారి గుండీ కుట్టుకోబోయి, చొక్కాని తొడుక్కున్న లాగుతో కలిపి కుట్టేసుకున్న ఘనుడు. కనక కుట్టుపని గురించి చెప్పేచోట పొరపాట్లు దొర్లితే సర్దుకోవాలి. ఒక్క సంగతి మాత్రం ఆ వీధిలో పలక పట్టిన ప్రతి పిల్లకీ తెలుసు కనక ధైర్యంగా చెప్పొచ్చు. బతికున్నవాళ్ల బట్ట బొంతలో ఇమడదు.

పోయినవాళ్ల బట్ట అయితే కుట్టిన కుట్టు కుట్టినట్టే కూర్చుంటుంది. బతికున్నవాళ్లదైతే ముడి దానంతటదే విడిపోతుంది, దారం ఏ దారిన వచ్చిందో ఆ దారినే ఒక్కో కుట్టూ ఊడుతూ వెనక్కి పోతుంది, ముక్క జారి ఒళ్లో పడుతుంది. గట్టివాళ్లదైతే దారం తెంపేలోపే అయిపోతుంది. మంచాన పడ్డవాళ్లదైతే కొంచెం తీరిగ్గా ఊడుతుంది. ఎండకి రంగు వెలవడం లాంటిదే ఇదీను. ఒకసారి ఒకాయన తొందరపడి మేనమామ కోటు తెచ్చి "మావయ్య పోయినట్టే అక్కా, డాక్టరు చెప్పేశాడు" అన్నాడు. ముక్క పట్టుమని ఊడిపడింది. "మీ మావయ్యని ఓ మాట అడిగి రా" అని బొంతలక్క కోటు తిరిగిచ్చేసింది. ఆ మావయ్య ఇంకో పదకొండేళ్లపాటు ఆ కోటునీ ఆ మేనల్లుణ్ణీ కూడా వాడుకున్నాడు.

ఇంకోటి కూడా ఉంది. బట్ట మొదట ఎవరి ఒంటిని ఎరిగిందో వాళ్లదే. తరవాత పదిమంది తొడుక్కున్నా అది వాళ్లకి లొంగదు. ఎవరి ఒంటినీ ఎరగని బట్ట ఎవరిదీ కాదు. దాన్ని ఎక్కడ కుడితే అక్కడ పడుంటుంది.

ఆ రోజు పది దాటింది. వీధిలోంచి చెప్పుల చప్పుడు లేకుండా వట్టి పాదాల పరుగు వినిపించింది. బొంతలక్క తలెత్తింది.

గుమ్మంలో మరదలు, తమ్ముడి పెళ్లాం. తమ్ముడు బావులు తవ్వుతాడు.

"బావి కూలింది వదినా. ఆయన లోపలున్నారు."

బొంతలక్క లేచి నడిచింది. ఒళ్లో ఉన్న బొంతని అలాగే గుండెకి అదుముకుని వచ్చేసిందని సగం దారిలో గానీ చూసుకోలేదు. సూది దానికే గుచ్చి ఉంది, కత్తెరా దారం ఉండా మైనం ముక్కా దాని మడతల్లోనే ఉన్నాయి. దర్జీ డాక్టరు కోసం ఇంకో దిక్కు పరిగెత్తాడు.

కొత్తగా కడుతున్న గిడ్డంగి వెనకాల ఆ బావి. అడుగున గుండ్రటి సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దింపుతున్నారు. ఏడో వర దింపేవేళకి ఒక పక్క మట్టి జారి మొత్తం లోపలికి పోయింది. మీద నిలబడి చూస్తే బావి ఉన్నట్టే లేదు, తడిమట్టి గుంట ఒకటి ఉంది. చుట్టూ ముగ్గురు కూలీలు పారలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని గుంట అంచుని వేళ్లతో నొక్కి చూస్తున్నాడు.

"పలికాడా?" అంది బొంతలక్క.

"రెండుసార్లు గడ్డపారతో వర మీద కొట్టిన చప్పుడొచ్చింది. గంటయింది. మళ్లీ లేదు."

"ఎంత మట్టి పడింది?"

"పన్నెండు అడుగులుంటుంది. వర ఏదన్నా అడ్డంపడితే దాని కింద సందు మిగిలుంటుంది."

"యంత్రం తెప్పించరాదా?"

"అది వస్తే ఆ అదురుకి ఈ గట్టు కూడా లోపలికే."

"మరైతే దిగండి."

మేస్త్రీ ఆకాశం వైపు చూశాడు. పడమట మబ్బు ముసురుకుంటోంది. తరవాత గుంట అవతలి అంచుని చూపించాడు. అక్కడ నేల మీద జానెడు పొడుగున నెర్రె.

"అక్కా, నీ దగ్గర దాచి లాభం లేదు. పొద్దున ఆ నెర్రె బెత్తెడే ఉంది. వాన పడితే ఆ పక్క కూడా వచ్చేస్తుంది. మట్టి తోడాలంటే నలుగురు దిగాలి. నలుగురికీ ఇళ్లున్నాయి, ఇళ్లల్లో మనుషులున్నారు. వాడు ఉన్నాడంటే దిగుతాం, ముందు నేనే దిగుతా. లేడంటే మాత్రం, లేనివాడి కోసం ఉన్నవాళ్లని దింపలేను."

"ఉన్నాడో లేడో ఎవరు చెప్పాలి?"

అందరూ ఆవిడ చేతిలో ఉన్న బొంతని చూశారు.

ఆ మేనమామ కోటు ఒక్కటి తప్పిస్తే, ముప్ఫై ఏళ్లుగా ఆవిడ కుట్టినవన్నీ పోయారని ఇంటిల్లిపాదికీ ముందే తెలిసినవాళ్ల బట్టలు. తెలియనివాడి బట్ట కుట్టడం అదే మొదటిసారి.

"చొక్కా తేనా వదినా?" అంది మరదలు.

"తే."

మరదలు ఇంటికి పరిగెత్తి, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తెచ్చింది. నీలం చారల చొక్కా. బొంతలక్క ఇసక కుప్ప మీద కూర్చుంది, చొక్కా అంచు నుంచి అరచేతంత ముక్క కత్తిరించింది. బొంత చివర పెట్టి ముడి వేసి కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ చేతిలో కుట్టు ఎప్పుడూ గీత గీసినట్టు పోతుంది. ఆ రోజు అది తాగినవాడు నడిచినట్టు నడిచింది. నాలుగు పక్కలా కుట్టి దారం తెంపి, చేతులు రెండూ తీసేసింది.

అందరూ వంగి చూశారు. ముడి కదల్లేదు. మేస్త్రీ బీడీ వెలిగించుకోబోయి మానేశాడు. ముడి కదల్లేదు.

"ఇంకోసారి కుట్టు వదినా" అంది మరదలు. గొంతులో ఏడుపేం లేదు. పప్పులో ఉప్పు సరిపోలేదన్నట్టు అంది.

బొంతలక్క కత్తెరతో కుట్టు విప్పి మళ్లీ కుట్టింది. ఈసారి గీత గీసినట్టే వచ్చింది. అలాగే కూర్చుంది.

మేస్త్రీ తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. కూలీల్లో ఒకడు పార నేల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా. ఇంకొకడు తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

మరదలు నించున్న చోటే కూర్చుండిపోయింది. బొంతలక్క మాత్రం చొక్కా వదల్లేదు. ఏడవాలనే అనుకుంది. కానీ జీవితమంతా బట్ట తడిమిన వేళ్లు, వాటికి యజమానురాలి ఏడుపుతో పనిలేదు. అవి వాటి దారిన చొక్కాని తడుముతూనే ఉన్నాయి. భుజం దగ్గర, చంకలో, జేబు చుట్టూ. జేబు కింద రెండు వేళ్ల వెడల్పున అవి ఆగిపోయాయి.

అక్కడ నలుచదరంగా బట్ట కొంచెం ముదురు నీలంగా ఉంది. ఆ నలుచదరం చుట్టూ సూది పోయిన పాత చిల్లులు.

"అమ్మాయ్, ఈ జేబు ఎవరు పైకి జరిపారు?"

"నాకు తెలీదు వదినా. నేను కాపరానికి వచ్చేసరికే ఇలా ఉంది."

బొంతలక్క చొక్కా తిరగేసింది. పక్క కుట్టు చూసింది. కుట్టు చివర మూడుసార్లు వెనక్కి తొక్కి ముగించి ఉంది. లోకంలో ఉన్న దర్జీలంతా రెండుసార్లు తొక్కి ఊరుకుంటారు. మూడోసారి కూడా తొక్కే అనుమానం మనిషి ఒక్కడే, ఆయనతోనే ఆవిడ ముప్ఫై ఏళ్లుగా కాపరం చేస్తోంది.

సరిగ్గా అప్పుడే ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. "డాక్టరు వెనకాల వస్తున్నాడు. ఏమైంది? తాడెందుకు చుడుతున్నారు?"

"ఏమండీ, ఈ చొక్కా ఎవరిది?"

దర్జీ చొక్కాని చూశాడు, అందులో కత్తిరించిన మేరని చూశాడు, బొంతని చూశాడు.

"మావయ్యది" అన్నాడు.

"ఏ మావయ్యది?"

"ఎంతమంది మావయ్యలు నాకు? మీ నాన్నది."

"మా నాన్న చొక్కాలన్నీ చెత్తబండిలో వేశానన్నాడు వాడు నాతో."

"అలా చెప్పమన్నది నేనే. 'అక్కకి కనబడితే కత్తెర పట్టుకొస్తుంది బావా, నాన్న చొక్కాలు గోడలకి వేలాడతాయి, నాకు సరిపోయేలా చేసిపెట్టు' అని మూటగట్టుకుని తెచ్చాడు. ఏడు. ఏడూ నేనే భుజాలు తగ్గించి కుట్టాను, నువ్వు ఊరెళ్లినప్పుడు."

ఆ చొక్కాల కోసమే బొంతలక్క మూడేళ్లుగా తమ్ముడి గడప తొక్కలేదు. ఎదురుపడితే అటు తిరిగి నడిచేది. ఇప్పుడు తనని మోసం చేసిన ఇద్దరిలో ఒకడు ఎదురుగా నిలబడి ఉంటే, ఆ మొగుణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. బరువు చూసి ఊరుకుంది.

"మేస్త్రీ, తాడు చుట్టొద్దను" అంది. "ఇది మా నాన్న చొక్కా. మా నాన్న పోయాడని నాకు కుట్టి చూపించనక్కర్లేదు."

తాడు చుట్టేవాడు ఆగాడు. మేస్త్రీ తువ్వాలు చేతిలోనే ఉంచుకున్నాడు.

"అయితే వాడిది ఇంకోటి తెప్పించు."

"కొత్తదేదన్నా ఉందా అమ్మాయ్? వాడు కొనుక్కున్నది?"

"ఒక్కటే కొన్నారు వదినా. అదే ఒంటిమీదుంది. మిగతావన్నీ ఇప్పుడు చెప్పిన ఆ ఏడే, మావయ్యగారివే. దుప్పటి మా అమ్మది. తువ్వాలు మా అన్నయ్యది." మరదలు ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టింది. "మా ఇంట్లో ఆయనదంటూ ఏమీ లేదు వదినా."

దూరంగా ఉరిమింది. ఎవరో ఒకరు నెర్రె వైపు చూడడం, మిగతావాళ్లు చూడనట్టు ఉండడం.

"మనిషిదంటూ ఒక్క గుడ్డ ఉండకపోదు" అంది బొంతలక్క. "బాగా ఆలోచించు. వేరే ఎవరూ కట్టనిది. వాడు కట్టి విడిచింది."

మరదలు చేతులు చూసుకుంది. చూసుకుని చూసుకుని చటుక్కున లేచింది. గిలక కట్టిన కొయ్య దగ్గరికి పోయి, దాని వెనకాల మేకుకి తగిలించి ఉన్న గోనె పీలిక ఒకటి పట్టుకొచ్చింది. తాడు ఒరుసుకోకుండా బావులవాళ్లు అరచేతికి చుట్టుకునే పీలిక. చెమటకి నల్లబడి, అట్టలా ఉంది.

"నిన్నటిదాకా ఇది కట్టారు. ఇవాళ ఇంకోటి చించుకున్నారు."

మేస్త్రీ దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "అక్కా, గోనెకి కుట్టు నిలవదు. కన్నాలు అంతంత. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊడితే ఏమనుకోవాలి? వాడు బతికుండి ఊడిందా, గోనె కనక ఊడిందా?"

న్యాయమైన మాటే. నలుగురి ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాడు అడగాల్సిన మాట. బొంతలక్కకి కోపం రాలేదు.

"ఇది చించిన సంచి ఎక్కడుంది?"

ఇసక మొయ్యడానికి తెచ్చిన కొత్త సంచుల్లోంచి చించాడట. మిగిలిన సంచి అక్కడే ఉంది. అందులోంచి ఎవరి చెయ్యీ ఎరగని చోట ఒక పీలిక కత్తిరించింది. రెండు పీలికల్నీ బొంత మీద పక్కపక్కన పెట్టింది. ముందు కొత్తదాన్ని కుట్టింది. పది కుట్లు, పొడుగ్గా. దారం తెంపి చేతులు తీసింది. అది గోనె గోనెలాగే, మొద్దులా పడుంది.

"నిలిచిందా మేస్త్రీ?"

"నిలిచింది."

"లాగి చూసుకో."

మేస్త్రీ లాగి చూశాడు. నిలిచింది.

అప్పుడు తమ్ముడి పీలిక పెట్టింది. అదే సూది, అదే దారం, అవే పది కుట్లు. కుడుతుంటే దారానికి మట్టి వాసన అంటుకుంది. పదో కుట్టు వేసి, ముడి వేసి, తెంపి, చేతులు తీసింది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెడుతోంది. పన్నెండు దగ్గర ముడి వదులైంది. దారం కొస మెల్లిగా లోపలికి పోయింది. పదో కుట్టు ఊడింది. తొమ్మిదోది ఊడింది.

ఆరోది ఊడేసరికి మేస్త్రీ నడుముకి తాడు కట్టుకుంటున్నాడు.

"ఒక్కటే మాట అక్కా" అన్నాడు గుంట అంచున నిలబడి. "నువ్వు కుడుతూనే ఉండు. నేను అడుగుతూ ఉంటా. కుట్టు నిలిచిందా, ఆ ముక్క చెప్పెయ్. ఆ క్షణం పైకొచ్చేస్తాం. మాట ఇస్తావా?"

"ఇచ్చాను."

నలుగురూ దిగారు. తట్టలు పైకి రావడం మొదలైంది. దర్జీ, గిడ్డంగి కాపలావాడు, ఆఖరికి నల్లసంచీ పక్కన పెట్టి డాక్టరు కూడా తట్టలు అందుకున్నారు. అడుగు మట్టి తోడినప్పుడల్లా బొంతలక్క మళ్లీ కుడుతోంది. మరదలు పక్కన కూర్చుని దారానికి మైనం పూసి ఇస్తోంది.

"అక్కా?" అని కింద నుంచి.

"ఊడింది" అని పైనుంచి.

కుట్టిందల్లా వందేళ్లు నిలుస్తుందని పేరు తెచ్చుకున్న మనిషి. ఆవిడ కుట్టు ఊడిందని చెప్పినవాడు ఆ ఊళ్లో లేడు. ఇప్పుడు ఆవిడే కుడుతూ, ఊడాలని కళ్లార్పకుండా చూస్తోంది.

నాలుగోసారి ముప్ఫై లెక్కపెట్టాక ఊడింది. ఆరోసారి వంద. చినుకులు మొదలయ్యాయి. దర్జీ తన చొక్కా విప్పి నెర్రె మీద కప్పబోయి, అది ఎంత తెలివితక్కువ పనో తనకే అర్థమై, ఒక రేకు తెచ్చి అడ్డం పెట్టాడు.

"అక్కా?"

"ఊడింది."

ఎనిమిదోసారి రెండు వందల నలభై. ఆఖరి మూడు కుట్లూ వదల్లేక వదల్లేక వదిలాయి.

"ఎంత తవ్వారు?" అని అడిగింది మరదలు తట్ట అందుకుంటున్న డాక్టర్ని.

"తొమ్మిది అడుగులట."

తొమ్మిదోసారి కుట్టింది. దారం తెంపి లెక్క మొదలుపెట్టింది. రెండు వందలు. మూడు వందలు. బొంత మీద చినుకులు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. నాలుగు వందలు. గుంట అవతలి అంచు నుంచి తలకాయంత మట్టిపెళ్ల విరిగి లోపలికి పడింది. కింద ఎవరో తిట్టుకున్నారు.

ముడి కదల్లేదు.

ఐదు వందలు. మరదలు మైనం పూయడం మానేసి పీలిక వైపే చూస్తోంది. తట్ట దించి వచ్చిన దర్జీ వంగి చూశాడు. చూసి, పెళ్లాం మొహం చూశాడు. పది కుట్లు. పక్కనున్న కొత్త గోనెకి ఎలా ఉన్నాయో, దీనికీ అలాగే ఉన్నాయి.

"అక్కా?" అని కింద నుంచి. "గట్టు కదుల్తోందక్కా. ఏమైంది?"

బొంతలక్క నోరు తెరిచింది. కింద నలుగురు. ఒక్కో ఇంటికి ఒక్కో గుమ్మం ఉంటుంది, ఒక్కో గుమ్మంలోంచి వట్టి పాదాలతో ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. అదంతా ఆవిడకి తెలుసు. మాట ఇచ్చింది కూడా.

"అక్కా, ఉన్నాడా?"

దర్జీ "ఏమే" అని ఆగిపోయాడు.

"ఊడింది" అంది బొంతలక్క. "తవ్వండి."

కింద గడ్డపార మళ్లీ మొదలైంది.

ముప్ఫై ఏళ్లలో ఆవిడ బట్ట గురించి చెప్పిన మొదటి అబద్ధం అది. ఎవరి కంటా పడకూడదని బొంత కొసని పీలికతో సహా ముద్దచేసి పిడికిట్లో బిగించుకుంది. వాన జోరందుకుంది. గట్టు చూడలేక కళ్లు మూసుకుంది. ఆ నలుగురి పేర్లు ఒక్కొక్కటే లోపల అనుకుంది, మేస్త్రీతో మొదలుపెట్టి. నాలుగూ అయ్యాక మళ్లీ మొదటినుంచి.

మూడోసారి అనుకుంటుండగా పిడికిట్లో ఏదో కదిలింది.

ముందు తన వేళ్లే వణుకుతున్నాయనుకుంది. ఇంకా బిగించింది. అరచేతికి ఆనుకుని సన్నగా, తడిగా, దారం కొస ఒకటి పాకుతూ ఆగింది. ఆగి, ఇంకొంచెం పాకింది. ఆవిడ పిడికిలి విప్పలేదు. విప్పితే గాలికి బెదిరి ఆగిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంది. పక్కనున్న మరదలి చెయ్యి లాగి తన పిడికిట్లో ఇరికించింది. ఇద్దరూ అలా కూర్చున్నారు. ఒక కుట్టు ఊడడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు, మళ్లీ ఇంకో కుట్టు ఊడడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు.

కింద గడ్డపార రాతి మీద పడ్డట్టు ఖంగుమంది. ఆ తరవాత మేస్త్రీ గొంతు. ఈసారి అక్కా అని పిలవలేదు.

"ఎవరన్నా మంచినీళ్లు దించండి" అన్నాడు. "చెంచా కూడా."